బోదకాలు మందు నిచ్చిన యల్లాప్రగడ సుబ్బారావుగారు

నేటి పశ్చిమగోదావరి జిల్లా భీమవరములో 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు బిడ్డలలో ఈయన నాలుగవవారు. అనారోగ్యమువలన తండ్రి ముందుగానే ఉద్యోగము విడువవలసి వచ్చుటచే ఇల్లు గడచుట కష్టమయ్యెను. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని బాల్యములో సుబ్బారావుగారు ఇల్లు విడిచి బయలుదేరినట్లు చెప్పుదురు. వెంకమ్మగారు వెనుకకు రప్పించి మరల బడిలో వేసిరి. మెట్రిక్యులేషను పరీక్ష మూడవమారు గాని గట్టెక్కలేదు. పరీక్ష తప్పిన పిల్లవానిని చూచి నిట్టూర్చు తల్లిదండ్రులు ఈ సంగతి ఒకమారు తలచుకొన దగును.

మద్రాసులో చదువుచుండగా ఆయనకు సన్యసించి రామకృష్ణ మఠములో చేరవలెనని కోరిక కలిగెను. తల్లి అందుకు సమ్మతింపలేదు. వైద్యుడైనచో మఠము పక్షముననే రోగులకు సేవ చేయవచ్చునను ఆశతో ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రచికిత్సా తరగతికి పోవుట ఆంగ్లేయ ఆచార్యునికి రుచింపలేదు. ఫలితముగా పూర్తి పట్టమునకు బదులు తక్కువ శ్రేణి దగు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రము మాత్రమే ఆయనకు దక్కెను. ఇంతలో గ్రహణివంటి స్ప్రూ అను వ్యాధి అన్నదమ్ముల నిద్దరిని కొద్దిదినముల వ్యవధిలో పొట్టన పెట్టుకొనెను. అదే జబ్బు తనకును సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బయటపడిరి.

మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సాయముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగము నాయకరు ధర్మనిధి సాయముతోను ఆయన 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. భార్య శేషగిరిగారిని స్వదేశముననే విడిచి వెళ్లిరి. చదువు ఖర్చులకై రాత్రివేళ ఆస్పత్రిలో సేవకుని పని చేసిరి. హార్వర్డు విశ్వవిద్యాలయములో ఫిస్కే అను ఆచార్యునితో కలిసి శరీరద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కండరమునకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిను, ఎ.టి.పి. అను పదార్థములను వారు బయలుపరచినదియు అక్కడనే. అయినను హార్వర్డు ఆయనకు స్థిరమైన ఉద్యోగ మీయలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లీ ఔషధ పరిశోధనాలయమునకు తరలిరి; అచిరకాలములోనే దాని పరిశోధనలకు అధిపతియైరి. ఫోలికామ్లము, ఆరియోమైసిను అచటినుండి వెలువడినవే. వానిని గూర్చి అనేకులు వ్రాసియున్నారు. గోదావరి మండలమువారికి మిక్కిలి దగ్గరి సంగతి మరియొకటి కలదు.

అది బోదకాలు. కాలువలును మురుగుగుంటలును గల ఆ డెల్టాలో ఈ వ్యాధి తరతరములుగా నున్నది. భీమవరములో పెరిగిన బాలుడు ఏనుగుపాదమువలె ఊదిన కాళ్లను చూచి యుండకపోడు. దోమకాటుతో దేహములో ప్రవేశించు ఫైలేరియా పురుగు దీనికి కారణము. దారమువంటి ఆడపురుగు బెత్తెడు పొడవుండును. శోషరసనాళములలో చేరి ఏండ్లతరబడి బ్రదుకుచు కంటికి కనబడని పిల్లపురుగులను లక్షలకొలది రక్తములోనికి విడుచును. ఇవి ప్రాయికముగా రాత్రులందే పైరక్తములో తిరుగును. దోమ కుట్టు వేళయు అదియే. ఆరోగ్యశాఖవారు రాత్రిపూట తలుపు తట్టి నెత్తురు తీయుటకు కారణ మిదియే గాని అర్ధరాత్రి జనులను వేధించు సరదా కాదు.

రెండవ ప్రపంచయుద్ధములో పసిఫిక్ దీవులలో పోరాడిన అమెరికా సైనికులకు వేలకొలది ఈ వ్యాధి సోకెను. ఆంటిమొని, ఆర్సెనికు కలిసిన విషౌషధములు తప్ప వేరు మందు లేదు. పేదదేశముల జబ్బు ధనికదేశపు సిపాయికి తగిలిన పిమ్మటనే దానిపై గట్టి దృష్టి పడెననుట నిష్ఠురమైనను నిజము. సుబ్బారావుగారి సహచరులలో హెవిట్ అను శాస్త్రజ్ఞుడు, మనుష్యుని పురుగునకు దాయాదియగు పురుగుతో బాధపడు పత్తియెలుకలను పెంచి, వానిపై ఒక్కొక్క రసాయనమును పరీక్షించెను. పైపరజీను వంశమునకు చెందిన ఒక పదార్థము ఎలుకల రక్తములోని పిల్లపురుగులను తుడిచివేసెను. 1947లో పోర్టోరికో దీవిలోని రోగులకును అది గుణమిచ్చెను. దానికి హెట్రజాన్ అని పేరిడిరి. డి.ఇ.సి. మాత్ర యని ఊరూర పిలుచునది యిదియే. నోటితో మ్రింగిన చాలును, సూదిమందు అక్కరలేదు.

ఈ మందు పురుగు నెట్లు లొంగదీయును? కాలువల నడుమ నివసించువారికి సంగతి సులభముగనే బోధపడును. కాలువకు తూములున్నట్లు పురుగు కండరకణపు గోడకు అతిసూక్ష్మములైన ద్వారములు గలవు. నరము చివర ఊరు రసాయనము తాళపుచెవివలె వచ్చి తాకగా ద్వారము తెరచుకొనును; లవణకణములు ప్రవహించును; ద్వారమును బట్టి కండరము బిగియుటయో సడలుటయో జరుగును. తాళపుచెవి పట్టు ఆ స్థానమునకే గ్రాహకమని పేరు. పురుగుల మందులలో పెక్కు దొంగ తాళపుచెవులే. ఏలికపాములకు వాడుచు వచ్చిన పైపరజీను నరము శాంతపరచు సంకేతమువలె నటించును; కండరము సడలి, ప్రేగులో పట్టుదప్పి, పురుగు ప్రాణముతోనే బయటకు కొట్టుకొని పోవును. లెవమిసోలు అను మందు అందుకు విరుద్ధముగా బిగించు ద్వారమును తెరచి పురుగును కొయ్యబార్చును.

హెట్రజాన్ పైపరజీను బిడ్డ గనుక తల్లివలెనే పనిచేయునని తలచుట సహజము. కాని లెక్క కుదరలేదు. గాజుపాత్రలో ఈ మందు కలిపినను పిల్లపురుగులు తేలికగా చావవు. రోగి రక్తమునుండి మాత్రము నిమిషములలో మాయమగును. కావున మందొక్కటే కాక రోగి శరీరమే పురుగును చంపుచున్నదని శాస్త్రజ్ఞులు గ్రహించిరి. పురుగునకు మందు చేయున దేమో 2020 వరకు స్పష్టపడలేదు. ఆ యేట అమెరికాలోని అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు మలయా జాతి ఫైలేరియాపై పరీక్షించి, ఈ మందు కండరములందలి టి.ఆర్.పి. అను ద్వారములను తెరచునని చూపిరి. మానవునిలో మిరపకాయ మంటను తెలుపు ద్వారమును ఈ కుటుంబమునకు చెందినదే. ద్వారము తెరచుకొనగా పురుగు బిగుసుకొని పక్షవాతము పొందును. అయితే అది తాత్కాలికము; కొన్ని గంటలలో పురుగు తేరుకొనును. ఆ వ్యవధిలో దేహములోని రక్షకకణములు తమ పని చేసికొనవలెను.

సుబ్బారావుగారికి ఈ వివరములేవియు తెలియవు. తన పేరు పత్రికల కెక్కుట యందు ఆయనకు మక్కువ లేదు. అమెరికా పౌరసత్వము పొందలేదు; స్వదేశమునకును తిరిగి రాలేదు. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సున, నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. శేషగిరిగారు ఆయనను మరల చూడనేలేదు.

మందు మాత్రము వచ్చెను. 1955లో భారతప్రభుత్వము ఫైలేరియా నివారణ పథకము నారంభించి ఇంటింట డి.ఇ.సి. పంచెను. మ్రింగినవారిలో కొందరికి జ్వరము, తలనొప్పి, వాంతి వచ్చినవి. జనులు భయపడి మాత్రలు నిరాకరించిరి. సామూహిక పంపిణీ కొద్ది సంవత్సరములకే ఆగిపోయెను. నిజమునకు ఆ జ్వరము పెక్కుమారులు రక్తములో చచ్చుచున్న పురుగులవలన కలుగునది. పురుగు లేనివానికి అంత బాధ యుండదు. ఈ ముక్క గడపగడపకు చెప్పగల మనుష్యులు నాడు చాలకపోయిరి. చీనాదేశమువారు అదే మందును వంట ఉప్పులో కలిపి పంచి, 2007 నాటికి వ్యాధిని నిర్మూలించుకొనిరి. 2004 నుండి భారతదేశములో ఏటేట పంపిణీ మరల సాగెను. గర్భిణులకు, రెండేండ్లలోపు పిల్లలకు, తీవ్రవ్యాధిగ్రస్తులకు ఈ మాత్ర యీయరు. ఇదివరకే ఊదిపోయిన కాలును ఇది తగ్గింపజాలదు. దానికి దినదినము సబ్బునీటితో కడిగి పుండ్లు పడకుండ కాపాడుకొనుటయే మార్గము. 2018 నుండి కొన్ని జిల్లాలలో దీనికి ఆల్బెండజోలును, ఐవర్‌మెక్టినును జతచేసి యిచ్చుచున్నారు. ఐవర్‌మెక్టిను తాకు ద్వారము పురుగులు, కీటకములు వంటి వెన్నెముక లేని ప్రాణులకే గాని మనుష్యునికి లేదు.