కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు

సెలవులకు మన బిలాస్‌పూర్ నుంచి ఇంటికి వెళ్ళే తెలుగు పిల్లల్లో చాలామంది ఎక్కేది కోర్బా - విశాఖపట్నం లింక్ ఎక్స్‌ప్రెస్. సాయంత్రం ఎక్కి, రాయ్‌పూర్ దాటాక డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిని పడుకుంటారు. టిట్లాగఢ్ నిద్రలోనే వెళ్ళిపోతుంది. కళ్ళు నులుముకుని లేచేసరికి రాయగడ, ఆ తర్వాత పార్వతీపురం వస్తాయి. టిట్లాగఢ్ ఉన్నది ఒడిశాలోని బలంగీర్ జిల్లాలో. కోడి రామ్మూర్తి నాయుడు గారు కన్నుమూసింది ఆ బలంగీర్ ప్రాంతంలోనే. ఆయన పుట్టిన వీరఘట్టం పార్వతీపురానికి దగ్గర్లో ఉంది. అంటే మన రైలు ఆయన జీవితాన్ని చివరి నుంచి మొదటికి చూపిస్తూ వెళుతుందన్నమాట. నేను మాత్రం మొదటి నుంచే చెబుతాను.

రామ్మూర్తి గారు 1882లో వీరఘట్టంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. తండ్రి పేరు వెంకన్న నాయుడు. తల్లి చిన్నతనంలోనే పోయింది. తల్లి లేని పిల్లవాడు, పైగా అల్లరివాడు, చదువు మీద ధ్యాస లేనివాడు. తండ్రికి ఏం చెయ్యాలో పాలుపోక విజయనగరంలో పోలీసు ఉద్యోగం చేస్తున్న తమ్ముడు నారాయణస్వామి దగ్గరికి పంపాడు. అక్కడా పుస్తకాల మీద మనసు నిలవలేదు గానీ వ్యాయామశాల మీద నిలిచింది. దండీలు, బస్కీలు, కుస్తీ. తెల్లవారకముందే లేచి వెళ్ళేవాడు. చిన్నాన్న కోప్పడి మాన్పించకుండా, కుర్రవాడి మొగ్గు ఎటో చూసి అటే నడిపించాడు. ఇంట్లో పెద్దలు ఇలా చేసిన సందర్భాలు ఆ రోజుల్లో ఎన్ని ఉంటాయో!

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బదిలీల మీద ఉత్తరాది ఊళ్ళు తిరిగినప్పుడు ప్రొఫెసర్ రామమూర్తి అనే పేరు హిందీ మాస్టర్ల నోట కూడా విన్నాను. ఆయన తెలుగువాడని వాళ్ళలో చాలామందికి తెలియదు. వాళ్ళు చెప్పుకునే కథ వేరుగా ఉంటుంది. చిన్నప్పుడు ఆయన ఉబ్బసంతో బాధపడే బక్కపిల్లవాడట. భీముడి కథలు, హనుమంతుడి కథలు విని, తానూ అలా కావాలని పట్టుబట్టి ఊపిరిని సాధించాడట. మన ప్రాంతంలో పెద్దలు మాత్రం ఆయన చిన్ననాటి నుంచే గట్టి పిండమని చెబుతారు. ఏ కథ విన్నా ఊపిరి దగ్గరికే వస్తుంది. ఆయన బలానికి అసలు తాళంచెవి కండల్లో లేదు, ఊపిరిలో ఉంది.

విజయనగరం తర్వాత మద్రాసులోని సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, ధ్రువపత్రంతో తిరిగివచ్చి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. అవును, ఆయన మొదటి ఉద్యోగం బడిలో పీటీ మాస్టారు ఉద్యోగం! మన గ్రౌండులో విజిల్ పట్టుకుని నిలబడే సారును ఇకపై కాస్త వేరుగా చూడండి. ప్రాణాయామం, వాయుస్తంభన వంటి విద్యలు సాధన చేసింది కూడా విజయనగరంలోనే అంటారు. తర్వాత మిత్రుల సాయంతో సర్కస్ కంపెనీ పెట్టారు. అప్పటి నుంచి ఆయన జీవితం గుడారాల్లోకి మారింది.

ఆ గుడారంలో ఏం జరిగేదంటే, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి, ఛాతీ ఉబ్బించి తెంపేవారు. రెండు మోటారు కార్లను గొలుసులతో రెండు చేతులకూ కట్టుకుని కదలనివ్వకుండా ఆపేవారు. అన్నిటికన్నా పేరు తెచ్చింది ఏనుగు. ఛాతీ మీద పెద్ద బల్ల వేయించుకుని దాని మీదికి ఏనుగును ఎక్కించుకునేవారు. ఇది విన్న ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు ఇది అబద్ధం కదా సార్ అని అడుగుతారు. అబద్ధం కాదు, మాయ కూడా కాదు. బల్ల బరువును ఒకే చోట పడనివ్వకుండా ఒంటి మీద పరుస్తుంది. గాలి నిండిన ఊపిరితిత్తులు బిగించిన బంతిలా లోపలి నుంచి పక్కటెముకలకు ఆనుతాయి. భౌతికశాస్త్రం అంతవరకే సాయం చేస్తుంది. మిగతాది ఏళ్ళ తరబడి చేసిన సాధన. ఇంటి దగ్గర తమ్ముణ్ణి ఛాతీ మీద నిలబెట్టుకుని ప్రయత్నించవద్దు.

కాలం కూడా గుర్తుంచుకోవాలి. జర్మన్ బలశాలి యూజీన్ శాండో 1904, 1905 ప్రాంతంలో మన దేశంలో ప్రదర్శనలు ఇచ్చి వెళ్ళాడు. భారతీయులు బలహీనులని, పాలించబడటానికే పుట్టారని దొరలు అనుకునే రోజులవి. ఆ మాట మనవాళ్ళు కూడా నమ్మడం మొదలుపెట్టారు. అలాంటప్పుడు ఒక తెలుగు యువకుడు గుడారం వేసి, అందరూ చూస్తుండగా, ఇనుప గొలుసు తెంపాడు. గొలుసు తెగిన చప్పుడు ఆనాటి జనానికి ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. ఇండియన్ శాండో అన్నారు, ఇండియన్ హెర్క్యులిస్ అన్నారు. నాకు మాత్రం మనవాళ్ళు పెట్టిన కలియుగ భీముడు అన్న బిరుదే నచ్చుతుంది. పోలికకు పరాయివాడు అక్కర్లేదు కదా. పూనాలో లోకమాన్య తిలక్ ఆయనను మెచ్చుకుని మల్లమార్తాండ బిరుదు ఇచ్చారని చెబుతారు. కలకత్తాలో ఆయన ప్రదర్శన చూసిన ఒక బెంగాలీ యువకుడు సర్కస్‌లో చేరి, తర్వాత భీమ్ భవానీ పేరుతో తానే ప్రసిద్ధుడయ్యాడు.

విదేశాలూ తిరిగారు. లండన్‌లో అయిదవ జార్జి చక్రవర్తి దంపతుల ముందు బలప్రదర్శన చేశారని, స్పెయిన్‌లో పొగరుబోతు ఎద్దును కొమ్ములు పట్టి లొంగదీశారని కథలు కథలుగా చెప్పుకుంటారు. సంపాదన లక్షల్లో ఉండేదట. దానధర్మాలకు, జాతీయోద్యమానికి చేయి చాచిన వాళ్ళకు అడ్డు లేకుండా ఇచ్చేశారు. దాచుకోవడం అనే విద్య ఒక్కటి ఆయనకు రాలేదు.

ఇక తిండి. నెహ్రూ నగర్‌లో సాయంత్రాలు జిమ్‌కు వెళ్ళే మన పన్నెండో తరగతి కుర్రాళ్ళు పొడి డబ్బాలు పట్టుకుని ఎదురవుతుంటారు. రామ్మూర్తి గారి గురించి వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, ఆయన ఏ మాంసం ఎంత తినేవాడని. జవాబు వింటే నమ్మరు. ఆయన శాకాహారి. మన నేల మీద పండిన గింజ, పప్పు, కూర, పాడి ఇచ్చిన పాలు, పెరుగు, నెయ్యి. ఆ కాలపు శాకాహారి ఇంట్లో ఉండేవి ఇవే. విజయనగరం వైపు చోడి అంబలి తాగి పొలం దున్నిన రైతులను మా తాతల తరం దాకా చూశాం. ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లో మీ స్నేహితుల ఇళ్ళలో తినే బాసీ మన చద్దన్నానికి తోబుట్టువే. ఇవి తింటే ఏనుగును మోయగలరని నేను అనను. ఏనుగును మోసినవాడి కంచం మన కంచానికి మరీ దూరంగా లేదని మాత్రం అంటాను.

అలాంటి ఒంటికీ జబ్బు చేసింది. కాలి మీద పుండు లేచింది. మందులకు లొంగలేదు. చివరికి కాలే తీసెయ్యాల్సి వచ్చింది. శస్త్రచికిత్సకు క్లోరోఫారం వద్దని, ప్రాణాయామంతో నిశ్చలంగా ఉండిపోయారని ఆయన కథ చెప్పేవాళ్ళందరూ చెబుతారు. ఏనుగు కథను తరగతిలో హుషారుగా చెప్పగలను గానీ, ఇక్కడికి వచ్చేసరికి నా గొంతు తగ్గిపోతుంది. ఏనుగు బరువు కాసేపు ఉండి దిగిపోతుంది. ఈ బరువు దిగేది కాదు. వేలమంది చప్పట్లు లేవు, బ్యాండు మేళం లేదు. విజయనగరంలో కుర్రతనంలో నేర్చుకున్న ఊపిరి ఒక్కటే దగ్గర మిగిలింది.

చేతిలో డబ్బూ మిగల్లేదు. చివరి రోజుల్లో పాట్నా సంస్థానం రాజావారి ఆదరణలో గడిపారు. ఈ పాట్నా బీహారు రాజధాని కాదు. బలంగీర్ ముఖ్యపట్టణంగా ఉన్న ఒరియా సంస్థానం. 1942 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో, రామ్మూర్తి గారు అక్కడే కన్నుమూశారు. ఆయనకు అప్పటికి అరవై ఏళ్ళు నిండనేలేదని కొందరు, నిండాయని కొందరు లెక్కలు వేస్తారు. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఇంకా అయిదేళ్ళు ఉంది.

శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. సెలవుల్లో ఐస్‌క్రీం తింటూ మీరు దాని ముందు నుంచే నడిచి ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు ఆగి పేరు చదవండి. అంతకుముందు రాత్రి రైల్లో మెలకువ వస్తే, టిట్లాగఢ్ బోర్డు కనిపిస్తుందేమో కిటికీలోంచి చూడండి.