ఒరిజినల్ చదివిన డచెస్

కొత్త టూల్ నేర్చుకోవాలంటే మనలో చాలామందిమి ముందు వీడియోలు వెతుకుతాం. డాక్యుమెంటేషన్ జోలికి పోం. ఒకావిడ మాత్రం అసలు పుస్తకమే చదివారు. అందులో ఉన్నది పార్టీకి చెప్పారు. చివరికి ఎంపీ సీటు పోగొట్టుకున్నారు.

ఆమె అథోల్ డచెస్ కాథరిన్. 1874లో ఎడిన్‌బరోలో పుట్టారు. లండన్‌లో సంగీతం చదువుకున్నారు. తమాషా ఏంటంటే, మొదట్లో ఆడవాళ్లకు ఓటు హక్కే వద్దన్నారు. అలాంటామె 1923లో కన్జర్వేటివ్‌ల తరఫున గెలిచి, స్కాట్లండ్ నుంచి తొలి మహిళా ఎంపీ అయ్యారు. 1924 నుంచి 1929 వరకు విద్యాశాఖలో జూనియర్ మంత్రిగా పనిచేశారు. ఆ పార్టీలో మంత్రి అయిన తొలి మహిళ కూడా ఆమే.

అన్నింట్లోనూ ఆమెదే రైటు అనుకోకండి. మన దేశానికి కొంత స్వపరిపాలన ఇచ్చే 1935 చట్టాన్ని గట్టిగా వ్యతిరేకించారు.

హిట్లర్ విషయంలో మాత్రం ఆమె పొరబడలేదు. 'మైన్ కాంఫ్'ను జర్మన్‌లోనే చదివారు. ఇంగ్లిష్ అనువాదం పక్కన పెట్టి చూస్తే, దండయాత్రల గురించిన ఘాటైన మాటలు కత్తిరించేసి ఉన్నాయి! హిట్లర్ శాంతి కబుర్లు నమ్మొద్దని హెచ్చరించారు. 1937లో అంతర్యుద్ధంలో ఉన్న స్పెయిన్‌కు స్వయంగా వెళ్లొచ్చి, మరుసటి ఏడాది దాని మీద పుస్తకం రాశారు. దాంతో 'ఎర్ర డచెస్' అని ముద్ర పడింది. సోవియట్‌లో వెట్టిచాకిరీని ఎండగడుతూ 1931లోనే పుస్తకం రాసిన మనిషికి ఆ పేరు!

1938 సెప్టెంబరులో మ్యూనిక్ ఒప్పందంతో చెకోస్లొవేకియాలో కొంత భాగం హిట్లర్ చేతికి పోయింది. ఆమె ఒప్పుకోలేదు. వేరే అభ్యర్థిని వెతుక్కుంటామని నియోజకవర్గ పార్టీ తీర్మానించింది. ఆమె గమ్మున కూర్చోలేదు. రాజీనామా చేసి ఉపఎన్నికలో ఇండిపెండెంట్‌గా నిలబడ్డారు. డిసెంబరు 21న పోలింగ్. 1,313 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అప్పటికి వయసు 64. మళ్లీ పార్లమెంటులో అడుగుపెట్టలేదు.

మూడు నెలలు తిరక్కుండానే జర్మన్ సైన్యం ప్రాగ్‌లో దిగింది. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. ఆమె 1960లో కన్నుమూశారు.

మీటింగులో అందరూ సమ్మరీ చూసి తలూపుతుంటే, ఫైలు మొత్తం చదివింది మీరొక్కరే కావచ్చు. నోరు విప్పితే మెచ్చుకుంటారన్న గ్యారంటీ లేదు. ఈమెకైతే సీటే పోయింది. అయినా చదివిందే చెప్పారు.