సముద్రపు రాతిపై చెరసాల

పత్మాసులో యోహానును తలచినప్పుడెల్ల స్కాట్లండు కాపరి అలెగ్జాండరు పీడెను మాకు జ్ఞాపకము వచ్చును. బిషప్పుల అధికారమునకు లోబడనందున 1663లో ఆయన తన సంఘమును విడువవలసి వచ్చెను. కాపరికి అది చెరకంటె తక్కువ బాధ కాదు. పిమ్మట ముఖమునకు తొడుగు వేసికొని, కొండలలో వాక్యము ప్రకటించుచుండెను.

1673లో పట్టుబడగా బాస్ రాక్ అను దీవికి పంపిరి. విశాఖ రేవున డాల్ఫిన్ నోస్ కొండను చూచినవారు దానిని ఊహించుకొనగలరు. అయితే ఇది నలుదిక్కుల నీరుగల ఒంటిరాయి. తెల్లని గానెట్ పక్షులు వేలకొలదిగా అక్కడ గూళ్లు కట్టుకొని, ఇష్టమువచ్చినట్లు ఎగిరిపోవుచుండగా, ఆయన నాలుగేండ్లకు పైగా బందీగా ఉండెను. తరువాత అమెరికాకు పంపివేయ తీర్మానించిరి గాని, లండనులో ఓడ అధికారి, వీరు నేరస్థులు కారని తెలిసికొని, ఎక్కించుకొనలేదు.

1686లో ఆయన మరణించెను. సైనికులు సమాధి త్రవ్వి, శవమును తీసికొనిపోయి, కమ్నాకు ఊరి ఉరికొయ్య క్రింద పాతిపెట్టిరి. కాలక్రమమున ఆ ఊరివారు తమ మృతులను అక్కడనే, ఆయన చెంతనే, సమాధి చేయసాగిరి.