సర్ ఉపేంద్రనాథ బ్రహ్మచారిగారి జీవితచరిత్రము

మన మహాసభ వార్షిక సంచికలలో మన శాఖవారగు పెద్దల చరిత్రములను ప్రకటించుట ఆచారమై యున్నది. ఈ పర్యాయము సంపాదకవర్గమువారు మమ్ము ఒక ఉపాధ్యాయుని చరిత్రము వ్రాసి పంపుఁడని కోరిరి. మేము ఎన్నుకొన్నవారు మన శాఖవారు కారు, ఆంధ్రులును గారు, వంగదేశీయులు. అయినను ఈ చరిత్రము మన పిల్లల చెవిని బడుట యవసరమని తలఁచి వ్రాయుచున్నాము. ఏఁటేఁట విద్యార్థివేతనములను పంచు దినములలో, పెద్ద కళాశాలలో స్థానము దొరకక చిన్నదానిలోఁ జేరవలసివచ్చిన బాలబాలికలును, వారికంటె నెక్కువగా వారి తలిదండ్రులును, బ్రదుకే వ్యర్థమైనట్లు చింతించుట మేము చూచుచున్నాము. చిన్న పాఠశాలయని లోకము తలఁచిన చోట పదునెనిమిదేండ్లు పాఠములు చెప్పి, ఆ పాఠశాల నంటియున్న ఆసుపత్రి గదిలోనే, లక్షలమంది ప్రాణములను నిలిపిన యౌషధమును గనుఁగొన్న బోధకు లొకరు మన దేశమున నుండిరి. వారే సర్ ఉపేంద్రనాథ బ్రహ్మచారిగారు.

వారు 1873 సం॥ డిసెంబరు 19వ తేదీని జన్మించిరి. తండ్రి నీలమణి బ్రహ్మచారిగారు బీహారులోని జమాల్పురమున ఈస్టిండియా రైల్వే వైద్యులు, తల్లి సౌరభసుందరీదేవి. వంశమువారి స్వగ్రామము వర్ధమాన మండలమున పూర్వస్థలి చెంత నున్న సర్దంగ. ఆ మండలమునందే 1860 తరువాతి యేండ్లలో వర్ధమానజ్వరమను పేర నొక మహామారి ప్రబలి పల్లెలకుఁ బల్లెలను పాడుచేసినది. అందు మలేరియాతోపాటు కాలా అజారు కూడఁ గలసియుండెనని పిదపటి వైద్యులలోఁ బలువుర యభిప్రాయము. ఏ వ్యాధితోఁ దాము జీవితమంతయుఁ బోరాడవలసియుండెనో ఆ వ్యాధి వారి పుట్టుకకు ముందే వారి మండలమునఁ గాఁపుర ముండె నన్నమాట.

జమాల్పురములోని రైల్వే పాఠశాలలోఁ జదివి, హుగ్లీ మొహసీన్ కళాశాలలోఁ జేరి, 1893లో గణితమున ఆనర్సుతో బి. ఏ. పరీక్షయందు కృతార్థులైరి. మఱుసటి యేఁడే కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలనుండి రసాయనశాస్త్రమున ఎం. ఏ. పట్టమును బడసిరి. ప్రఫుల్లచంద్ర రాయ్‌గారు ఆ కాలమున ఆ కళాశాలయందే రసాయనమును బోధించుచుండిరి. తరువాత వైద్యవిద్య నభ్యసించి, 1900లో ఎం. బి. పరీక్షయందు కాయచికిత్సలోను శస్త్రచికిత్సలోను ప్రథములై గుడీవ్, మాక్లియాడ్ బహుమానముల నందిరి. 1902లో ఎం. డి.; 1904లో రక్తకణములు విచ్ఛిన్నమగు విధమును గూర్చిన గ్రంథమునకు పిహెచ్. డి. గణితము, రసాయనము, వైద్యము అను మూఁడు విద్యలును ఒక్కరియందుఁ గుదురుట నాఁడే కాదు, నేఁడును అరుదు.

ఇంతటి వారికి దొరకిన పని యేమి? కలకత్తా మెడికల్ కాలేజీలోని ఆచార్యపీఠములు చాలవఱకు ఇండియన్ మెడికల్ సర్వీసు వారికే విడువఁబడి యుండెను. ఆ సర్వీసులో నధికులు ఆంగ్లేయులు. బ్రహ్మచారిగారు రాష్ట్రీయ వైద్యోద్యోగమునఁ బ్రవేశించినవారు. అందుచే వారిని 1901లో ఢాకా వైద్యపాఠశాలకు వ్యాధివిజ్ఞానమును, ఔషధద్రవ్యశాస్త్రమును బోధించుటకై పంపిరి. అక్కడ నాలుగేండ్లు గడచిన పిదప, 1905లో కలకత్తాలోని శియాల్‌దాయందున్న క్యాంబెల్ వైద్యపాఠశాలకు వైద్యబోధకులుగాను, ఆసుపత్రిలో ప్రథమ వైద్యులుగాను వచ్చిరి. ఇందొక చిత్రము గలదు. ఆ పాఠశాల 1873 డిసెంబరు 1వ తేదీని శియాల్‌దా పాఠశాలయను పేర నారంభమైనది. అనఁగా బోధకులకంటెఁ బాఠశాల పదునెనిమిది దినములు మాత్రమే పెద్దది!

కాలేజీ వేఱు, స్కూలు వేఱు అని ఆ కాలపు వైద్యవిద్యలో గొప్ప భేదము పాటింపఁబడుచుండెను. కాలేజీలోఁ జదివినవారికి విశ్వవిద్యాలయ పట్టము. స్కూలులోఁ జదివినవారికి లైసెన్సు పత్రము, సబ్ అసిస్టెంటు సర్జనుగా తాలూకా డిస్పెన్సరీలో నుద్యోగము. కాని ఊళ్లలో జ్వరపడినవాని నాడిని పట్టి చూచినది ఎక్కువగా ఈ రెండవ తెగవారే. క్యాంబెల్ స్కూలులోని బోధకుఁడు తయారుచేయుచుండినది వారినే. ఈ సంగతిని చదువరులు మఱవవలదు. మున్ముందు దీని యుపయోగము గలదు.

ఇఁక వ్యాధి సంగతి. కాలా అజా రనఁగా నల్లని రోగమని యర్థము. జ్వరము నెలలతరబడి విడువదు. ప్లీహము పెరిగి పొట్టను నింపును. చేతులును కాళ్లును పుల్లలవలె సన్నగిల్లును, మేనిచాయ నల్లనగును, రక్తము క్షీణించును. తుదకు విరేచనములో, శ్వాసరోగమో వచ్చి ప్రాణములు గొనిపోవును. మందు లేని దినములలో ఈ రోగము సోఁకినవారిలో నూటికిఁ దొంబదిమందికిఁ బైగా మరణించుచుండిరి. అస్సాములోని నౌగాంగు మండలమున 1891కి, 1901కి నడుమ జనసంఖ్య ఇంచుమించుగ నాల్గవవంతు తగ్గెను. దానికి ముఖ్యకారణ మీ వ్యాధియే.

వ్యాధిబీజమును కనుఁగొన్న కథలో మన మదరాసునకును భాగము గలదు. కలకత్తా దాపుననున్న డం డం శిబిరమునుండి మరలిపోయి ఇంగ్లండున మరణించిన యొక సైనికుని ప్లీహములో లీష్మన్ అను వైద్యుఁడు విచిత్రములగు సూక్ష్మబిందువులను జూచి 1903లో ప్రకటించెను. ఆ సంవత్సరమే మదరాసు జనరల్ ఆసుపత్రిలోని డోనొవన్ అను వైద్యుఁడు రోగుల ప్లీహములందు వానినే గుర్తించెను. అందుచే ఆ క్రిమికి ఇద్దఱి పేళ్లును జేర్చి లీష్మానియా డోనొవానీ యని నామకరణము గావించిరి. శత్రువు కనఁబడెను, ఆయుధమే కనఁబడలేదు.

ఆయుధముగ నెన్నఁబడినది అంజనము. దీనినే పాశ్చాత్యులు ఆంటిమొని యందురు. అమరకోశమున స్రోతోంజనమనియు, సౌవీరమనియుఁ జెప్పఁబడిన కాటుకఱాయి ఇదియేయని పండితులు పలువురు తలఁతురు. కంటికి మేలని పెద్దలు వాడుచుండిన సురుమా రాయిలోని లోహమే, లవణరూపమున రక్తములోనికిఁ బోయినచో క్రిమిని జంపునని 1915లో తేలినది. ఇటలీలో డి క్రిస్టినా, కరోనియా యనువారును, కలకత్తాలో సర్ లియొనార్డు రాజర్సుగారును టార్టార్ ఎమెటిక్ అను అంజనలవణమును సిరలలోనికి సూదిమందుగా నిచ్చి రోగులను కొందఱను గాపాడిరి. కాని దాని పేరులోనే వాంతి యున్నది. వాంతులు, దగ్గు, కీళ్లనొప్పులు. సిర దాఁటి చుక్క యొలికినచో మాంసము క్రుళ్లుట. కొందఱికి గుండె యాగుట. చికిత్స రెండు మూఁడు నెలలు సాగవలయును. కూలివాఁడు పని మానుకొని అన్ని నెలలు ఆసుపత్రికి వచ్చునా? నడుమ మానినచో రోగము తిరుగఁబెట్టును. మందు దొరికినను అది పేదవానికిఁ బనికివచ్చు మందు కాలేదు.

బ్రహ్మచారిగారు వార్డులో రోగిని జూచుచు, తరగతిలోఁ బాఠము చెప్పుచు, మిగిలిన కాలమున ఈ చిక్కును విప్పఁ బూనిరి. మొదట అంజనలోహమునే మిక్కిలి సన్నని పొడిగాఁ జేసి సిరలోనికి నిచ్చి చూచిరి. ఫలము కలిగెను గాని అది యందఱు వైద్యులును జేయఁగల పని కాదు. అంతట వారిలోని రసాయనశాస్త్రజ్ఞుఁడు మేల్కొనెను. జర్మనీలో ఎర్లిష్ పండితుఁడు పాషాణమును, అనఁగా ఆర్సెనిక్కును, కర్బన సమ్మేళనములలో నిమిడ్చి సవాయివ్యాధికి 1910లో మందును బ్రకటించెను. మూలద్రవ్యముల పట్టికలో పాషాణమునకు సరిగాఁ గ్రింద నున్నది అంజనము; రెండును ఒక్క కుటుంబములోనివి. పాషాణ మున్నచోట అంజనము నుంచినచో నేమగును? ఇదియే వారి ప్రశ్న. అట్టి ఆమ్లమును దయారుచేసి దాని సోడియం లవణమును బరీక్షింపఁగా అది నిలువయుండక చెడుచుండెను. క్వినైనును యూరియాతోఁ జేర్చినప్పుడు సూదిమందు నొప్పి తగ్గుట వారెఱుఁగుదురు. ఆ జ్ఞాపకమే త్రోవ చూపినది. ఆమ్లమును యూరియాతోఁ గలిపిరి. అట్లు 1920లోఁ బుట్టినదే యూరియా స్టిబమిన్.

ఇది జరిగిన స్థలమును గూర్చి చెప్పకున్న మా వ్రాఁత కొఱఁతపడును. క్యాంబెల్ ఆసుపత్రిలో నొక చిన్న గది. అందు గ్యాసు లేదు, నీటి కుళాయి లేదు, విద్యుద్దీపము లేదు. పగలంతయు పని సాగించి, రాత్రి పది గంటల వేళ, పొగ చూరిన లాంతరు వెలుఁగున, తమ ప్రయత్నము ఫలించినట్లు తెలిసికొన్నారు. ఆ రాత్రిని వారు వార్ధకమునను సంతోషముతోఁ దలఁచుకొని వ్రాసికొన్నారు. మన యల్లాప్రగడ సుబ్బారావుగారును మదరాసులోని ఆయుర్వేద కళాశాలలో బోధకులై యుండినవారే. వారికిఁ బరిశోధన సాగించుటకు అమెరికా పోవలసివచ్చెను. బ్రహ్మచారిగారు శియాల్‌దా దాఁటలేదు. ఏది మేలని మేము తూఁచము. సాధనములు లేమి గొప్పతనమనియు మేము చెప్పము. అంతటి మేధావికి ఒక కుళాయి నమర్పని ప్రభుత్వమును మెచ్చుకొన నేల?

1922లో తమ రోగుల యనుభవమును బ్రకటించిరి. మఱుసటి యేఁడు షిల్లాంగులోని పాస్ట్యూర్ సంస్థయందు షార్టు అను వైద్యుఁడు దీనిని వాడి గుణము బాగుగ నున్నదని తేల్చెను. నెలలు పట్టిన చికిత్స వారములకు దిగినది. అస్సాము ప్రభుత్వము తండోపతండములుగ రోగులకు ఈ సూదిమందు నిప్పించెను. సకాలమున చికిత్స పొందినవారిలో మరణములు నూటికిఁ బదింటి ప్రాంతమునకు తగ్గెను. ఆ టీతోఁటల నడుమ, నదీతీరపు పల్లెలలో సూదులు వేసినవారెవరు? ముందు మేము చెప్పిన స్కూలువైద్యులే, సబ్ అసిస్టెంటు సర్జనులే. పట్టములు లేని వారి చేతిలో నిలువఁగల మందునే వారి తెగకు గురువైనవారు తయారుచేసిరి.

1922లోనే బ్రహ్మచారిగారు మఱియొక సంగతిని గనిపెట్టిరి. కాలా అజారు మానిన కొందఱికి ఒకటి రెండేండ్ల తరువాత ముఖముమీఁదను మేనిమీఁదను తెల్లని మచ్చలును, బొడిపెలును లేచుచుండెను. జనులు దీనిని కుష్ఠమని భ్రమించి వారిని దూరముగ నుంచెడివారు. బ్రహ్మచారిగారు ఆ చర్మమును సూక్ష్మదర్శినితోఁ బరీక్షించి అందు లీష్మానియా క్రిములనే చూపిరి. ఇది కుష్ఠము కాదని తెలిసిన రోగి మనస్సు ఎట్లుండునో చదువరులే యూహింపఁగలరు. ఇట్టి మచ్చలుగల మనుష్యుని గుట్టిన ఇసుకయీఁగ వ్యాధిని వేఱొకరికిఁ జేర్చఁగలదు. కావున ఊరినుండి వ్యాధి పోయినను బీజము పోదు. ఆ యీఁగ కాటువలననే వ్యాధి వ్యాపించునని 1942లో స్వామినాథ్, షార్టు, ఆండర్సన్ అనువారు నిరూపించిరి. బ్రహ్మచారిగా రప్పటికి జీవించియే యుండిరి.

1923లో వారికి కలకత్తా మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో అదనపు వైద్యపదవి దొరకెను. అప్పటికి వారి కేఁబదియేండ్లు. 1924లో తమ గృహముననే పరిశోధనాలయమును స్థాపించిరి. 1927లో ప్రభుత్వోద్యోగమును విరమించి, కార్మైకేల్ వైద్యకళాశాలలో ఉష్ణదేశవ్యాధులకు ఆచార్యులైరి. విశ్వవిద్యాలయ విజ్ఞానకళాశాలలో జీవరసాయనమును బోధించిరి. పింఛను పుచ్చుకొన్న పిదపఁగూడ సుద్దముక్కను విడువనివారిపై మాకు సహజముగనే పక్షపాతము గలదు. 1928లో కాలా అజారును గూర్చి వారి పెద్ద గ్రంథము వెలువడెను. 1934లో సర్ బిరుదము. 1936లో ఇందూరున జరిగిన భారత విజ్ఞానమహాసభకు అధ్యక్షత్వము. 1939లో కలకత్తాలో రక్తనిధిని నెలకొల్పుటలో ముఖ్యులుగ నుండిరి.

1929లో వారి పేరు నోబెలు బహుమానమునకు సూచింపఁబడెను. ఆ యేఁడది ఐక్మన్, హాప్కిన్సు పండితులకుఁ బోయెను. రాయల్ సొసైటీ సభ్యత్వమును వారికి రాలేదు. యూరియా స్టిబమిన్ ఒకే ద్రవ్యము కాదనియు, పెక్కింటి మిశ్రమమనియు రసాయనజ్ఞులు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ నిరాధారము కాదు. కాని మంచముమీఁది రోగి లేచి పొలమునకుఁ బోయినాఁడనుటయు నిరాధారము కాదు. అంజనపు మందులకు లొంగని క్రిములు బీహారులో ప్రబలుటచే, నేఁడు వేఱు ఔషధములు వాడుకలోనికి వచ్చినవి.

1946 ఫిబ్రవరి 6వ తేదీని బ్రహ్మచారిగారు కాలధర్మము నొందిరి. క్యాంబెల్ పాఠశాల తరువాత నీలరతన్ సర్కార్ వైద్యకళాశాలయై శియాల్‌దాయందే యున్నది. 2023లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు బంగ్లాదేశమున కాలా అజారు ప్రజారోగ్యసమస్యగా నిర్మూలింపఁబడినదని ప్రకటించిరి. ప్రపంచమున ఇట్టి ప్రకటనను బొందిన మొదటి దేశ మదియే. 1901లో యువకులైన బ్రహ్మచారిగారు మొట్టమొదటి పాఠములు చెప్పిన ఢాకా ఆ దేశపు రాజధాని.