నేర్చుకున్నది దాచుకోలేదు

మేడమ్ సి.జె. వాకర్ అనగానే అమెరికాలో సొంత కష్టంతో పెద్ద ఆస్తి సంపాదించిన నల్లజాతి మహిళ అంటారు. నాకు మాత్రం ఆమె ఆస్తికన్నా, ఆమెకి దారి చూపినవాళ్లు, ఆమె దారి చూపినవాళ్లే ముఖ్యమనిపిస్తుంది.

అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. ఒకప్పుడు బానిసలుగా బతికిన దంపతులకి 1867లో లూసియానాలో పుట్టింది. ఏడేళ్లకే తల్లీ తండ్రీ పోయారు. పద్నాలుగేళ్లకి పెళ్లి, ఇరవై ఏళ్లకి భర్త పోయాడు. చంకలో రెండేళ్ల కూతురు! సెయింట్ లూయిస్‌లో మంగలి పని చేసే అన్నల దగ్గరకి చేరి, ఏళ్ల తరబడి బట్టలుతికి పిల్లని చదివించింది.

అక్కడి చర్చిలో పరిచయమైన చదువుకున్న ఆడవాళ్లే ఆమెకి తొలి గురువులు. నలుగురిలో ఎలా మెలగాలో వాళ్లని చూసే నేర్చుకుంది. తర్వాత అనీ టర్న్‌బో అనే ఆవిడ తయారుచేసే జుట్టు మందులు ఇంటింటికీ తిరిగి అమ్మింది. వ్యాపారం ఒంటబట్టింది అప్పుడే. 1906లో భర్త వాకర్ పేరుతో సొంత సరుకు మొదలుపెట్టాక ఈ ఇద్దరూ పోటీదారులయ్యారు. గురుశిష్యుల బంధం ఎప్పుడూ తియ్యగానే ఉండదు మరి!

అంత జరిగినా వాకర్ తన విద్య దాచుకోలేదు. 1908లో పిట్స్‌బర్గ్‌లో కూతురి పేరుతో లీలియా కాలేజీ పెట్టి ఆడవాళ్లకి పని నేర్పింది.

1912లో షికాగోలో నల్లజాతి వ్యాపారుల మహాసభ జరిగింది. అధ్యక్షుడు బుకర్ టి. వాషింగ్టన్ ఆమెని పట్టించుకోలేదు. ఆవిడ ఊరుకోలేదు. పిలవకపోయినా లేచి నిలబడి, తను ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చిందో సభకి చెప్పింది. మరుసటి ఏడు ఆయనే ఆమెని వక్తగా పిలిచాడు. పెద్దల అండ కావాలంటే ముందు వాళ్ల కంట్లో పడాలి కదా!

1917లో ఫిలడెల్ఫియాలో తన సరుకు అమ్మే ఆడవాళ్లని రెండువందల మందికి పైగా ఒకచోట చేర్చింది. ఎక్కువ అమ్మినవాళ్లకే కాదు, కొత్తవాళ్లని ఎక్కువమందిని తెచ్చినవాళ్లకీ, దానధర్మాలు చేసినవాళ్లకీ బహుమతులిచ్చింది. 1919లో కన్నుమూసింది.

పచ్చళ్లో చీరలో అమ్ముకునే ఆడవాళ్లు మన వీధిలోనూ ఉన్నారు. సరుకు ఎక్కడ కొంటున్నారని పక్కింటమ్మాయి అడిగితే, పోటీకొస్తుందేమోనని మాట మార్చేసేవాళ్లని చూశాను. రావచ్చు కూడా. అయినా చెప్పండి. మనకీ ఒకప్పుడు ఎవరో ఒకరు చెప్పినవాళ్లే!