ఊరి దాకా కాలేజీ తెచ్చిన రాంరెడ్డి.. మరి పైసలు ఎవరు కట్టాలె?

గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే తమ్ముళ్లను, చెల్లెండ్లను ఎవలనన్న అడుగుండ్రి. తెలుగు మీడియంల ఏ పుస్తకాలు చదువుతున్నరంటే, తెలుగు అకాడమీ పుస్తకాల తర్వాత ఓపెన్ యూనివర్సిటీ పుస్తకాల పేరే చెప్తరు. ఊరి లైబ్రరీల నుంచి చిక్కడపల్లి లైబ్రరీ దాకా ఆ పుస్తకాలు చేతులు మారుతనే ఉంటయి. ఆ పుస్తకాలు ఎట్ల పుట్టినయి, రెగ్యులర్‌గ కాలేజీకి పోని మనిషి కూడ డిగ్రీ చదువొచ్చన్న ముచ్చట ఎక్కడ మొదలైందని అడిగితే మాత్రం జవాబు దొరకది. జూబ్లీహిల్స్‌ల అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ముంగటి తొవ్వకు ప్రొఫెసర్ జి. రాంరెడ్డి మార్గ్ అని పేరున్నది. ఉస్మానియాల దూరవిద్య కేంద్రానికి కూడ ఆయన పేరే పెట్టిన్రు. బోర్డుల మీద పేరు మిగిలింది, మనిషి మాత్రం యాదిల లేడు.

నేను ఆయన కథ ఇప్పుడెందుకు ఎత్తుకున్ననంటే, నా లెక్కల ఆయన బతుకంత రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది. చదువు దక్కని మనిషికి చదువు ఇచ్చే బాధ్యత ఎవరిది? దానికి పైసలు ఎవరు పెట్టాలె? ఆయన పోయి ముప్పై ఏండ్లు దాటింది. ఆ రెండు ప్రశ్నలు ఇంక మన ఊర్లల్లనే తిరుగుతున్నయి.

మైలారం పిలగాడు

రాంరెడ్డి 1929 డిసెంబర్ 4న కరీంనగర్ జిల్లా మైలారంల పుట్టిండు. అప్పుడు మనది నైజాం రాజ్యం. ఉస్మానియా యూనివర్సిటీల చదువు ఉర్దూల నడిచేది. ఇంట్ల తెలుగు మాట్లాడే పల్లె పిలగానికి పెద్ద చదువు అందాల్నంటే రెండు గోడలు దాటాలె. ఒకటి దూరం, ఇంకోటి భాష. ఊర్లె పుట్టినోళ్లల్ల ఎంతమంది ఆ గోడలు దాటిన్రో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దాటినోళ్లల్ల రాంరెడ్డి ఒకడు.

ఉస్మానియాల ఆయన ప్రభుత్వ పాలనా శాస్త్రం పట్టుకున్నడు. అక్కడనే ప్రొఫెసరైండు. ఆయన ఎక్కువ పని చేసింది పంచాయతీరాజ్ మీద. గ్రామ పంచాయతీ, సమితి, జిల్లా పరిషత్తు ఎట్ల నడుస్తున్నయి, రాజకీయం ఏడ జొరబడుతున్నది, ఆఫీసరు ఏడ అడ్డం పడుతున్నడు, ఇవన్ని చూసి పుస్తకాలు రాసిండు. దేశంల వేరే వేరే రాష్ట్రాల పంచాయతీల మీద వచ్చిన వ్యాసాలు కూడ ఒక్కకాడ చేర్చి పుస్తకం తెచ్చిండు.

ఈ ముచ్చటను జర పట్టిచ్చుకోవాలె. పంచాయతీలను చదివిన మనిషికి ఒక సంగతి బాగ ఎరుకైతది. కుర్చీ ఇచ్చి అధికారం ఇయ్యకపోతే ఆ కుర్చీ ఉత్తదే. అధికారం ఇచ్చి పైసలు ఇయ్యకపోతే ఆ అధికారం కూడ ఉత్తదే. సర్పంచులను అడుగుండ్రి, ఇయ్యాల్టికి గదే చెప్తరు. రాంరెడ్డి తర్వాత కట్టిన సంస్థలను చూస్తే, ఈ పంచాయతీ పాఠమే వాటి పునాదిల ఉన్నదని నాకనిపిస్తది.

పోస్టుల వచ్చే చదువు

1977ల ఆయన ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అయిండు. ఎమర్జెన్సీ అప్పుడప్పుడే పోయింది. జార్జిరెడ్డిని చంపి అయిదేండ్లే అయింది. క్యాంపస్ ఇంక చల్లబడలే. అదే 1977ల ఉస్మానియాల కరస్పాండెన్స్ కోర్సుల సంస్థ కూడ మొదలైంది. ఇప్పుడు ఆయన పేరు మీదున్న దూరవిద్య కేంద్రం గదే.

కరస్పాండెన్స్ చదువు మన దేశానికి కొత్త కాదు. 1962లనే ఢిల్లీ యూనివర్సిటీ షురూ చేసింది. పద్ధతి అల్కనే. ఫీజు కడితే పోస్టుల పాఠాలొస్తయి. ఏడాదికి కొన్నిరోజులు క్లాసులు పెడతరు. ఆఖర్ల అందరితోపాటు పరీక్ష రాయాలె. పేదోళ్లకు, కొలువు చేసుకునేటోళ్లకు, పెండ్లై ఇంట్ల ఉన్న ఆడోళ్లకు ఇది దారి చూపిన మాట నిజమే.

అయితే దాంట్ల ఒక మెలిక ఉండె. చాలా యూనివర్సిటీలల్ల ఈ కోర్సులు పైసలు తెచ్చే గల్ల పెట్టె అయినయి. దూరంగ ఉండి చదివేటోళ్లు కట్టిన ఫీజుల వాళ్ల మీద ఖర్చు పెట్టంగ మిగిలింది, యూనివర్సిటీ వేరే అవసరాలకు పోయేది. హాస్టల్ లేదు, క్లాసు లేదు, లైబ్రరీ లేదు, అయినా క్యాంపస్ ఖర్చు మాత్రం ఊర్లె ఉన్నోడు మోసిండు. సిలబస్ మీద, పరీక్ష మీద ఆ కోర్సులకు సొంత పెత్తనం కూడ లేకుండె. క్యాంపస్‌ల ఏది నడిస్తే గదే వీళ్లకూ. ఇంటోళ్లు తిన్నంక మిగిలింది గిన్నెల పెట్టినట్టు.

1982: సొంత చట్టం, సొంత ఇల్లు

బ్రిటన్‌ల 1969ల ఓపెన్ యూనివర్సిటీ పెట్టిన్రు. రేడియో, టీవీ, అచ్చు పాఠాలు, దగ్గర్ల స్టడీ సెంటర్, ఇవన్ని ఒక్కతాడుకు గుచ్చిన పద్ధతి అది. అసొంటిది మనకాడ పెట్టొచ్చా అన్నది తేల్చే పని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు రాంరెడ్డికి అప్పజెప్పింది. భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగ ఉన్నప్పుడు, 1982 ఆగస్టుల ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పుట్టింది. దేశంల గదే మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. దాని మొదటి వైస్ ఛాన్సలర్ రాంరెడ్డే. 1991ల దానికి అంబేద్కర్ పేరు పెట్టిన్రు.

ఇండ్ల కొత్త ఏముండెనంటే, ముందుగాల్ల చట్టం. ఈ చదువు ఏదో యూనివర్సిటీకి తోకలెక్క ఉండొద్దని, అసెంబ్లీ చేసిన సొంత చట్టం మీద నిలబెట్టిన్రు. సొంత పాలక మండలి, సొంత సిలబస్, సొంత పరీక్షలు, సర్కారు బడ్జెట్ల సొంత పద్దు. రెండోది గేటు. ఇంటర్ సర్టిఫికెట్ లేకున్నా, వయసు నిండి అర్హత పరీక్ష పాసైతే అప్పట్ల డిగ్రీల చేర్చుకునేటోళ్లు. ఏడో తరగతిల బడి ఇడిసి పెట్టి మిల్లుకు పోయినోడు కూడ బీఏ రాయొచ్చన్నట్టు. అప్పట్ల ఇది చిన్న మాట కాదు. మూడోది భాష. డిగ్రీ పాఠాలు తెలుగుల రాపిచ్చి, అచ్చేసి ఇచ్చిన్రు. ఒంటిగ కూసోని చదివినా అర్థం కావాలె, క్లాసుల సారు చెప్పినట్టే ఉండాలె అని ఆ పుస్తకాలను పాఠాలు పాఠాలుగ విడగొట్టి రాసిన్రు. ఇయ్యాల గ్రూప్స్ పిల్లలు వాటి ఎంబడి పడుతున్నరంటే కారణం గిదే.

నాలుగోది స్టడీ సెంటర్. కొత్తగ బిల్డింగులు కట్టాల్నంటే కోట్లు కావాలె. ఉన్న సర్కారు కాలేజీలల్లనే, ఐతారం నాడు, సెలవు దినాలల్ల, అక్కడి లెక్చరర్లతోనే క్లాసులు పెట్టిన్రు. ఖర్చు తక్కువ, జిల్లా జిల్లాకు చదువు. తెలివైన పద్ధతే. అయితే గీ తెలివిల ఒక ప్రమాదం కూడ దాగి ఉన్నది. అది తర్వాత చెప్త.

ఢిల్లీల పెద్ద ఇల్లు

హైదరాబాద్‌ల చేసిన పని ఢిల్లీ దాకా పోయింది. 1985ల పార్లమెంటు ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం చట్టం చేసింది. మనం ఇగ్నో అంటం. దానికి కూడ మొదటి వైస్ ఛాన్సలర్ రాంరెడ్డే. 1987ల రెండు డిప్లొమా కోర్సులతోని, 4,528 మందితోని మొదలైంది. ఇయ్యాల లక్షల మంది చదువుతున్నరు. ఆ తర్వాత ఆయన కెనడాల ఉన్న కామన్వెల్త్ ఆఫ్ లెర్నింగ్ సంస్థల పనిచేసిండు.

ఇగ్నో చట్టంల ఒక చిత్రమైన ఏర్పాటున్నది. ఇగ్నో తను కోర్సులు నడపాలె, దేశంల మిగతా దూరవిద్య సంస్థలకు ప్రమాణాలు కూడ తనే పెట్టాలె. దాని కోసం ఇగ్నో లోపట్నే దూరవిద్య మండలి పెట్టిన్రు. రాష్ట్రాల ఓపెన్ యూనివర్సిటీలకు అభివృద్ధి గ్రాంట్లు ఆ మండలి నుంచే వచ్చేటియి. కొత్త పద్ధతికి ఒక పెద్దదిక్కు కావాలె అనే ఆలోచన ఉండొచ్చు. అయితే ఆటగాడే అంపైరైతే ఏమైతదో మనకెరుకే. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతుల లొసుగులు పట్టుకొని ఇంజనీరింగ్ డిగ్రీలు కూడ దూరవిద్యల అమ్ముకున్నయి. ఆఖరికి 2013ల ఆ మండలిని ఎత్తేసి, దూరవిద్య పెత్తనం యూజీసీకి ఇచ్చిన్రు. 2017ల సుప్రీంకోర్టు ఆ దూరవిద్య ఇంజనీరింగ్ డిగ్రీల మీద వేటేసింది. ఫీజు కట్టి చదివినోళ్లే ఆగమైన్రు. పెత్తనం ఎవరిదో సరిగ రాసుకోకపోతే, దెబ్బ తగిలేది కింద ఉన్నోనికే.

యూజీసీ కుర్చీల

1991ల రాంరెడ్డి యూజీసీ ఛైర్మన్ అయిండు. మైలారం నుంచి దేశం మొత్తం యూనివర్సిటీలకు పైసలు పంచే కుర్చీ దాకా పోయిండు. అయితే అదెసొంటి కాలం? ఖజానా ఖాళీ. పీవీ నరసింహారావు సర్కారు ఆర్థిక సంస్కరణలు తెచ్చింది. ఖర్చు తగ్గియ్యాలె అన్నదే అప్పటి మంత్రం.

ఆ కాలంలనే, 1992-93ల, యూనివర్సిటీలకు నిధులు ఎట్ల ఇయ్యాలె అన్నదాని మీద యూజీసీ ఒక కమిటీ ఏసింది. దాని అధ్యక్షుడు కూడ మన తెలుగాయనే, జస్టిస్ కె. పున్నయ్య. యూనివర్సిటీలు తమ ఖర్చుల అయిదేండ్లల్ల 15 శాతం, పదేండ్లల్ల 25 శాతం సొంతంగ సంపాయించుకోవాలె అని ఆ కమిటీ చెప్పింది. సొంతంగ సంపాయించుడంటే సగం ముచ్చట ఫీజులే.

నేను రాంరెడ్డిని దేవున్ని చేస్తలేను, దొంగను చేస్తలేను. చదువుకు తలుపు తెరిచిన మనిషి యూజీసీని నడిపే కాలంలనే, ఆ తలుపుకాడ టికెట్ పెట్టే లెక్క కూడ మొదలైంది. రెండూ చరిత్రలనే ఉన్నయి. ఒక్కటి చెప్పి ఇంకోటి దాచిపెడితే మనకే నష్టం.

1995 జులై 2న ఆయన కన్ను మూసిండు. 65 ఏండ్లే.

బడి దాకా వచ్చిన ఓపెన్

కాలేజీలకు వచ్చిన ఈ పద్ధతి బడికీ వచ్చింది. సీబీఎస్ఈ 1979ల ఒక ప్రాజెక్టుగ మొదలువెట్టిన ఓపెన్ స్కూల్, 1989ల నేషనల్ ఓపెన్ స్కూల్ అయింది. ఉమ్మడి రాష్ట్రంల 1991ల ఓపెన్ స్కూల్ సొసైటీ వచ్చింది. రాష్ట్రం విడిపోయినంక తెలంగాణకు తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ, మనం టాస్ అంటం. 14 ఏండ్లు నిండితే పది, 15 నిండితే ఇంటర్. పైన వయసు పట్టింపు లేదు. సర్టిఫికెట్‌కు రెగ్యులర్ సర్టిఫికెట్‌కున్న విలువే. అంగన్‌వాడీ ఆయా, ఆటో నడిపే అన్న, చిన్నప్పుడే పెండ్లి చేసిన చెల్లె, వీళ్లందరికి ఆఖరి బస్సు గిదే.

ఈ బస్సు ఎట్ల నడుస్తున్నదో చూడుండ్రి. పేరుకు స్కూల్, పుట్టుక సొసైటీ. విద్యాశాఖ కిందనే ఉంటది, రెగ్యులర్ బడికి ఉన్నట్టు సొంత టీచర్లు ఉండరు. స్టడీ సెంటర్ ఏదో ఒక హైస్కూల్లనే. క్లాసులు ఐతారాలు, సెలవుల్ల. చెప్పేది వారమంత బడిల చెప్పి అలిసిపోయిన సార్లే. అడ్మిషన్ ఫీజు, పరీక్ష ఫీజు కట్టేది చదివేటోళ్లే. నేను ముంగట చెప్పిన ప్రమాదం గిదే. ఉన్న బిల్డింగు, ఉన్న సార్లు, సెలవు దినాలు అని రాంరెడ్డి కాలంల పెట్టింది, చదువును తొందరగ జిల్లాలకు చేర్చే ఉపాయం. సర్కార్లకు అది ఖర్చు తప్పిచ్చుకునే అలవాటైంది.

ఇంకో అన్యాయం చెప్త. రెగ్యులర్ కాలేజీల చదివే పేద పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నది. ఈ-పాస్ నిబంధనలల్ల ఓపెన్ యూనివర్సిటీ, దూరవిద్య కోర్సులు అనర్హుల జాబితల ఉన్నయి. అంటే ప్రైవేటు కాలేజీకి సర్కారు ఫీజు కడతది, సర్కారు ఓపెన్ యూనివర్సిటీల చదివే కూలోళ్ల బిడ్డ మాత్రం తన ఫీజు తనే కట్టుకోవాలె. కరస్పాండెన్స్ కాలంల ఊరోడు క్యాంపస్ ఖర్చు మోసిండు అన్నం కదా, ఇప్పుడు కూడ ఊరోని బరువు దిగలే. రూపం మారింది గంతే.

2020 సెప్టెంబర్ 1న, కరోనా కాలంల, మన సర్కారు బడి పిల్లలకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానెళ్లల్ల పాఠాలు షురూ చేసింది. ఫోన్ లేని ఇల్లు, కరెంటు పోయే తండా, ఒక్క టీవీకి నలుగురు పిల్లలు, మనం కండ్లతోని చూసినం. చానెల్ పెట్టంగనే దూరవిద్య కాదు. పుస్తకం చేతికి రావాలె, డౌటు అడగనీకి మనిషి ఉండాలె, దానికి బడ్జెట్ ఉండాలె. 1982లనే తేలిన సంగతిని మల్లా కొత్తగ నేర్చుకోవాల్సిన అవసరం లేకుండె.

మనం అడగాల్సింది

జయంతికి పూలదండ ఏస్తే రాంరెడ్డి రుణం తీరది. ఓపెన్ స్కూల్‌ల, ఓపెన్ యూనివర్సిటీల చదివే పేదోళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇయ్యాలె. ఐతారం క్లాసులకు వచ్చే సార్లకు సర్కారు బడ్జెట్ నుంచి సరైన పైసలు, టైముకు ఇయ్యాలె. ఫీజుల కింద ఎంతొచ్చింది, అండ్ల క్లాసులకు ఎంత పెట్టిన్రు, పుస్తకాలకు ఎంత పెట్టిన్రు, ఏటా బైట పెట్టాలె. పాలక మండలిల చదివేటోళ్ల దిక్కు నుంచి ఒక మనిషి కూసోవాలె.

ఇవన్ని ఎవరో వచ్చి చేస్తరని చూడకుండ్రి. తెల్లకాయితం మీద సమాచార హక్కు దరఖాస్తు రాయుండ్రి. జిల్లా ఆఫీసుకైనా, రాష్ట్ర ఆఫీసుకైనా ఫీజు పది రూపాయలే, దారిద్య్రరేఖ కిందున్నోళ్లకు అది కూడ లేదు. 30 దినాలల్ల జవాబియ్యాలె. మీ మండలంల స్టడీ సెంటర్ ఏ బడిల ఉన్నది, పోయినేడు ఎన్ని క్లాసులు జరిగినయి, ఎంతమంది చేరిన్రు, ఎంతమంది పాసైన్రు, ఎంత ఫీజు వసూలైంది, ఎంత ఖర్చైంది. ఈ ఆరు ప్రశ్నలు చాలు. జవాబొచ్చినంక ఆ కాయితం పట్టుకొని గ్రామసభల చదువుండ్రి. పంచాయతీలను చదివిన మనిషి కట్టిన చదువు అది. దాని లెక్క పంచాయతీలనే అడుగుదాం.