కలివికోడి స్టాంపు చూడకుండానే కన్నుమూసిన సలీం అలీ

అడవి పక్షుల తపాలా బిళ్లలు సేకరించేవారికి 1988లో వెలువడిన రూపాయి స్టాంపు అంటే ప్రత్యేక మక్కువ. కడప జిల్లా చిట్టడవుల్లో తిరిగే కలివికోడి బొమ్మ దానిపై ఉంది. జీవితమంతా పక్షుల వెంటే నడిచిన సలీం అలీకి మాత్రం ఆ బిళ్లను చూసే భాగ్యం దక్కలేదు. అంతకు ఏడాది ముందే ఆయన కన్నుమూశారు.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పదిమంది సంతానంలో ఆయనే కనిష్ఠుడు. ఊహ తెలియక ముందే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ ఇంట పెరిగారు. బాల్యంలో ఎయిర్‌గన్‌తో కొట్టిన ఓ పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ కనిపించింది. అదేమిటో తెలుసుకునేందుకు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లగా, కార్యదర్శి మిల్లార్డ్ అక్కడి పక్షుల నమూనాలన్నీ చూపించారు. బాలుడి జీవితం ఆనాడే మలుపు తిరిగింది.

విశ్వవిద్యాలయ పట్టా లేకపోవడంతో ప్రభుత్వ కొలువు దక్కలేదు. బెర్లిన్‌లో స్ట్రెస్‌మాన్ వద్ద శిక్షణ పొంది 1930లో తిరిగి వచ్చేసరికి మ్యూజియంలో ఉన్న ఉద్యోగమూ రద్దయింది. ఆయన కుంగిపోలేదు. కిహిం గ్రామంలో గిజిగాడి గూళ్లను నెలల తరబడి పరిశీలించారు. జీతం తీసుకోకుండా ఖర్చులు మాత్రమే ఇస్తే చాలని సంస్థానాలలో పక్షుల సర్వేకు పూనుకున్నారు. 1931లో హైదరాబాద్ సంస్థానంలో సాగిన సర్వేలో భార్య తెహ్మీనా ఆయన వెంటే ఉన్నారు. 1939లో ఆమె మరణించారు. ఆ దుఃఖాన్ని దిగమింగి 1941లో భారతదేశపు పక్షులపై గ్రంథాన్ని వెలువరించారు. రిప్లీతో కలసి రచించిన పది సంపుటాల గ్రంథం 1974 నాటికి పూర్తయింది.

పక్షుల స్టాంపుల ఆల్బమ్ తిరగేస్తే ఆయన కృషి కనిపిస్తుంది. 1976 నాటి బిళ్లపై ఎర్రకాళ్ల కొంగలున్న భరత్‌పూర్ చిత్తడి నేలల పరిరక్షణకు ఆయన పాటుపడ్డారు. 1980 నాటి బిళ్లపై ఉన్న బట్టమేక పిట్టను జాతీయ పక్షిగా ప్రకటించాలని కోరారు. ఆ గౌరవం నెమలికి దక్కింది.

ఇక కలివికోడి 1900లో అనంతపురం సమీపంలో కనిపించిన తరువాత శాస్త్రజ్ఞుల కంట పడలేదు. అంతరించిందనే భావించారు. స్థానికులు మాత్రం ఆ పేరును మరువలేదు. 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతంలో స్థానిక వేటగాడి సాయంతో సొసైటీ పరిశోధకులకు అది తిరిగి లభించింది. అప్పటికి సలీం అలీ వయసు 89 ఏళ్లు. 1987 జూన్‌లో ఆయన తుదిశ్వాస విడిచారు.

శతజయంతి సందర్భంగా 1996లో తపాలా శాఖ ఆయన స్మారకంగా రెండు స్టాంపులు విడుదల చేసింది. కలివికోడి బిళ్ల చెంతకు అలా ఆయనా చేరారు. అయితే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం సాక్షిగా ఆ పక్షి నేటికీ అత్యంత ప్రమాదపుటంచునే ఉంది. బిళ్లను ఆల్బమ్ కాపాడుతుంది. పక్షిని కాపాడవలసింది మాత్రం ఆ పొదల అడవే.